ఇత్తడిని అయస్కాంతం పట్టదు

కూసో అమ్మీ.
పాతపట్నం బస్సు దిగి, ఇంత ఎండలో
గుంటడిని సంకనెత్తుకుని బుడితి దాకా వచ్చినావు
సెవి మిషను ఎలగుంటాదని అడగడానికి.
డాక్టరు సెప్పీది డాక్టరు సెప్తాడు.
నాను కంచరోణ్ణి, నాకు తెలిసింది నాను సెప్తాను.

కోసినాక సెవి వెనకాల కుట్లు, తలకి పెద్ద కట్టు,
నాలిక మీద ఇత్తడి రుచి.
కొన్నాళ్ళుంటాది, భయపడకు అని
నర్సమ్మ కాగితం మీద రాసింది.
నవ్వేను.
నలభయ్యేళ్ళు ఆ రుచితోనే అన్నం తిన్నాను మరి.

పుండు మానీదాకా మిషను పెట్టరు.
మూడు వారాలు
లోపల తీగుంటాది, సప్పుడుండదు.

పెట్టిన రోజు
మా దాలమ్మ కొత్త సీర కట్టింది.
పదకొండేళ్ళయ్యింది దాని గొంతు ఇని.
పెదాలు కదిలేయి.
గంగాళంలో గులకరాళ్ళు పోసి
ఎవడో దొర్లించినట్టొచ్చింది.
ఏటన్నావు, అన్నాను.
నా గొంతూ నాది కాదు, రేకుడబ్బాలో కప్పది.
ఇద్దరం ఏడిసేం.
సూసినోళ్ళు ఆనందమనుకున్నారు.
ఇశాపట్నం నించి నరసన్నపేట దాకా
బస్సులో నిద్ర నటించేను.

తరవాతే అసలు పని. మట్టి అచ్చు లాంటిది,
బేగి ఆరబెడితే పగులుతాది.
మనవరాలు నోటికి ఇసనకర్ర అడ్డెట్టుకుని
పప్పు, బాబు, మామ అనీది.
నాను తప్పు సెప్పీవోణ్ణి, అది నవ్వీది,
ఆ నవ్వు కూడా సిల్లరడబ్బులు జారినట్టే.
నాలుగో నెల్లో ఒకపాలి
ఉప్పు అన్నమాట ఉప్పులాగే ఇనిపించింది.
ఆ రోజు కూర కసిక్కుమంటున్నా
దాలమ్మని నానేటీ అన్లేదు.

జేబులో ఇంకో బేటరీ ఉంచుకో.
మా తమ్ముడి కూతురి పెళ్ళిలో
తాళి కట్టీ వేళకి ఆగిపోయింది నాది.
సన్నాయోడి బుగ్గలు ఉబ్బుతున్నాయి, అంతే.

పై బిళ్ళ అయస్కాంతంతో తలకి అతుక్కుంటాది.
కొలిమి కాడ వంగితే ఊడిపోయి
పట్టకారుకి అంటుకుంటాది.
ఇత్తడిని ముట్టనే ముట్టదు.
ఆ మాటకే వస్తన్నాను.

బిందె తయారయ్యేక
వేలి గణుపుతో కొట్టి సూస్తాం.
మంచిదైతే మోత నీళ్ళమీద వలయంలాగ పోతాది.
ఎంట్రుకంత బీటున్నా తెలిసిపోతాది.
మా అయ్య నాకిచ్చిన ఆస్తి అదొక్కటే.
దానికోసమే పుర్రె కోయించుకున్నాను,
ఎవరికీ సెప్పలేదు.
ఆరో నెల్లో మంచి బిందె తీసి కొట్టేను.
టక్.
బీటేసిందాన్ని కొట్టేను.
టక్.

మాటొస్తాది అమ్మీ, మోత రాదు.
నాకైతే రాలేదు.
సంతకం పెట్టిన కాగితంలో ఆ ముక్కుందట,
నాను సదివితేనా?

ఇప్పుడు మనవరాలు కొట్టి ఇంటాది, బొటనేలు ఎత్తుతాది.
నాను అంచుమీద అరసెయ్యి ఆనిస్తాను.
ఒకోపాలి అరసెయ్యే ముందు సెప్తాది.

నీ గుంటడి సంగతి ఏరు.
ఆడికి పోల్సుకోడానికి పాత మోతల్లేవు.
గులకరాళ్ళలాగొచ్చినా
ఆడికి అదే అమ్మ గొంతు.
మొదట జడుసుకుని ఏడుస్తాడేమో, ఎత్తుకో.
అమ్మా అనడానికి ఏడాది పడతాదో, మూడేళ్ళో,
పక్కింటి గుంటడితో కొలవకు.
సైగలు మానిపించకు.
రాత్రి మిషను తీసీసి పడుకోబెట్టు,
ఆ సప్పుడులేనితనం ఆడిది,
జబ్బు కాదు.
నాకూ ఆ వేళంటే ఇష్టం, దాలమ్మతో అనకు.

ఇంకేటి...
ఇందాక నువ్వు గుమ్మంలోంచి పిలిచినప్పుడు
నా ఈపు నీవేపుంది.
తాతా అన్నావో, సేటా అన్నావో, తెలీనేదు.
తిరిగేను కదా.